జగదీశ్ చంద్ర బోస్: ఫోన్ల యుద్ధానికి వందేళ్ల ముందే పేటెంట్ వద్దన్న మనిషి

2019 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 4 ఫోన్‌ను విడుదల చేసింది. ఐఫోన్‌కు పోటీగా నిలపాలని అందులో ఒక కొత్త హంగు పెట్టింది. ఫోన్‌ను ముట్టుకోకుండా దాని మీదుగా చెయ్యి ఊపితే చాలు, పాట మారుతుంది, అలారం ఆగుతుంది. చేతి కదలికను పసిగట్టడానికి ఫోన్ పైభాగంలో ఒక బుల్లి రాడార్ అమర్చారు. అది 60 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. ఆ ఫోన్ మాత్రం భారత్‌కు రాలేదు. ఇక్కడ ఆ పౌనఃపున్యాన్ని సాధారణ వినియోగానికి తెరవకపోవడమే కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఫోన్ల మార్కెట్లో అదో చిన్న వార్త. మరో మోడల్ రాగానే అందరూ మరిచిపోయారు.

అందులో ఉన్న విడ్డూరం ఏమిటంటే, ఆ 60 గిగాహెర్ట్జ్ తరంగాలను మొదటిసారి పుట్టించి, పట్టుకుని, కొలిచింది ఈ దేశంలోనే. 1890ల మధ్యలో, కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో, స్నానాల గది పక్కన ఉన్న ఒక ఇరుకు చోటులో జగదీశ్ చంద్ర బోస్ ఆ పని చేశారు. మొక్కలకు ప్రాణం ఉందని చెప్పిన శాస్త్రవేత్తగా స్కూలు పుస్తకాల్లో ఆయన మనకు తెలుసు. రేడియోను కనిపెట్టింది ఆయనే, మార్కోనీ కొట్టేశాడు అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. మొదటిది సగమే నిజం. రెండోది అసలు కథను మరీ చిన్నది చేస్తుంది.

బోస్ 1858 నవంబరు 30న పుట్టారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్ ఆయన జన్మస్థలం. పూర్వీకులది ఢాకా దగ్గరి బిక్రంపూర్. తండ్రి భగవాన్ చంద్ర బ్రహ్మసమాజీకుడు, బ్రిటిష్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదాలో ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడిలో వేయడం ఆనవాయితీ. ఆయన మాత్రం కొడుకును ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడిలో చేర్చారు. ఇంగ్లీషుకు ముందు సొంత భాష, సొంత జనం తెలియాలన్నది ఆయన పట్టుదల. బల్ల మీద ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, మరో పక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, చేపల గురించి వాళ్లు చెప్పిన కబుర్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి పుట్టించాయని బోస్ పెద్దయ్యాక గుర్తు చేసుకునేవారు. బోధనా మాధ్యమం మీద ఇప్పటికీ కోర్టుల దాకా వెళ్తున్న మన రెండు రాష్ట్రాల్లో ఈ ముచ్చట ఎందుకో పెద్దగా వినపడదు.

భగవాన్ చంద్రకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. స్వదేశీ పరిశ్రమలు నిలబడాలని వాటిలో సొంత డబ్బు పెట్టారు. చాలావరకు నష్టపోయి అప్పులపాలయ్యారు. వ్యాపారం అన్న మాటంటేనే కొడుకు జీవితాంతం వెనకడుగు వేయడానికి ఆ ఇంటి అనుభవం కూడా ఒక కారణం కావచ్చు.

కోల్‌కతాలో సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ యూజీన్ లఫోంట్ చేసి చూపించే ప్రయోగాలు బోస్‌ను భౌతికశాస్త్రం వైపు లాగాయి. 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు. ఒంట్లో పాత జ్వరం ఉంది, శవాల గది వాసనకు అది తిరగబెట్టేది. ఏడాదికే వైద్యం మానేసి కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీలో చేరారు. అక్కడ లార్డ్ రేలీ ఆయన గురువు. 1885లో డిగ్రీలతో, వైస్రాయ్ రిపన్‌కు రాసిన ఒక సిఫారసు ఉత్తరంతో తిరిగొచ్చారు.

ఆ ఉత్తరం ఉన్నా ఉద్యోగం తేలిగ్గా రాలేదు. సైన్స్ చెప్పడానికి భారతీయులు పనికిరారన్నది విద్యాశాఖ పెద్దల నమ్మకం. చివరికి ప్రెసిడెన్సీ కాలేజీలో తాత్కాలిక ప్రొఫెసర్‌గా తీసుకున్నారు. అదే హోదాలోని యూరోపియన్‌కు ఇచ్చే జీతంలో భారతీయుడికి మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. తాత్కాలిక ఉద్యోగం కాబట్టి అందులోనూ సగం కోశారు. అంటే మిగిలింది మూడో వంతు. బోస్ గొడవ చేయలేదు, రాజీనామా ఇవ్వలేదు. రోజూ వెళ్లి పాఠం చెప్పారు, జీతం మాత్రం ముట్టలేదు. ఇలా మూడేళ్లు గడిచాయి. మధ్యలో 1887లో మద్రాసులో వైద్యం చదివిన అబలతో పెళ్లయింది. చేతిలో పైసా రాని రోజుల్లో మొదలైన కాపురం అది. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ చేసి, మొదటి రోజు నుంచి పూర్తి జీతం లెక్కగట్టి ఇచ్చింది. ఆ మొత్తంతో తండ్రి అప్పులు తీర్చారు.

ఈ మనిషికి డబ్బు విలువ తెలియదని అనుకోవడానికి వీల్లేదు. తన హక్కైన జీతం కోసం మూడేళ్లు నిరాహారదీక్ష లాంటిది చేసిన మనిషి, పదిహేనేళ్ల తర్వాత కాళ్ల దగ్గరికొచ్చిన సొమ్మును కాదన్నారు. ఆ రెండింటినీ కలిపి చూడాలి.

చిన్న గది, చిన్న తరంగం

1894లో ఇంగ్లండ్‌లో ఆలివర్ లాడ్జ్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. అప్పుడే చనిపోయిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ హెర్ట్జ్ పని మీద ఆ ఉపన్యాసం. కంటికి కనపడని విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా ఉన్నాయని ప్రయోగంతో నిరూపించింది హెర్ట్జే. లాడ్జ్ రచన బోస్ చేతికి వచ్చింది. అదే ఏడాది తన 36వ పుట్టినరోజున ఇకపై పరిశోధనకే జీవితం అని నిర్ణయించుకున్నారు.

కాలేజీలో ప్రయోగశాల లేదు. దొరికింది 24 చదరపు అడుగుల చోటు. ఖర్చు సొంత జేబులోంచి. శాస్త్ర పరికరాలు ఎన్నడూ చేసి ఎరగని ఒక రేకుపనివాడిని పెట్టుకుని, పక్కన కూర్చుని నేర్పించి చేయించుకున్నారు. హెర్ట్జ్ వాడిన తరంగాల నిడివి అడుగుల్లో ఉండేది. వాటిని వంచి, మళ్లించి, వెలుగులా ప్రవర్తిస్తాయో లేదో చూడాలంటే అంతంత పెద్ద అద్దాలూ పట్టకాలూ కావాలి. ఆ గదిలో పట్టవు. తరంగాన్నే చిన్నది చేస్తే పరికరాలూ చిన్నవైపోతాయి. బోస్ తరంగ నిడివిని 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించారు. ఈనాటి లెక్కలో అదే 60 గిగాహెర్ట్జ్. అదే కాలంలో మాస్కోలో ప్యోటర్ లెబెదేవ్ 6 మిల్లీమీటర్ల వరకు వచ్చారు. మిగతా ప్రపంచం ఈ ఇద్దరికీ చాలా వెనక ఉంది.

ఆ పరికరాల జాబితా చదువుతుంటే సరదాగా ఉంటుంది. తరంగాల్ని ఒడిసిపట్టడానికి గరాటు ఆకారంలో ఒక లోహపు గొట్టం. తర్వాతి తరాలు హార్న్ యాంటెన్నా అని పిలిచింది దీన్నే. తరంగాలను దారి తప్పకుండా నడిపించే గొట్టాలు. తరంగ కంపనాన్ని ఒకే దిశకు పరిమితం చేయడానికి ఏం వాడారో చూడండి, ఒక బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్. పేజీకీ పేజీకీ మధ్య తగరపు రేకు దూర్చారు. చక్కెర ద్రావణం వెలుగు కంపన దిశను మెలితిప్పినట్టు తరంగాన్ని మెలితిప్పగలమా అని చూడటానికి బెంగాల్ పొలాల్లో దొరికే జనపనారను పురిపెట్టి వాడారు. ప్రతి వస్తువూ చేతికందిన సామానుతో చేసిందే. మొత్తం పెట్టెలో సర్దుకుని ఓడెక్కించగలిగేంత చిన్నది.

1895లో కోల్‌కతా టౌన్‌హాల్లో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సమక్షంలో ప్రదర్శన ఇచ్చారు. తీగ లేదు. 75 అడుగుల దూరంలో గంట మోగింది, మందుగుండు పేలింది. చూసినవాళ్లకు అది గారడీ. అదే ఏడాది ఆసియాటిక్ సొసైటీకి తన మొదటి పరిశోధన పత్రం ఇచ్చారు. మరుసటి ఏడాది లండన్ విశ్వవిద్యాలయం పరీక్ష లేకుండానే డీఎస్సీ పట్టా ఇచ్చింది. (ఆ 1896లోనే ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి, సీసాడు నూనె సముద్రంలో పోసి తుఫానును శాంతింపజేసే కథ రాసి బహుమతి గెలిచారు. బెంగాలీలో వచ్చిన తొలి సైన్స్ ఫిక్షన్లలో అదొకటి.)

1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసం ఇచ్చారు. లార్డ్ కెల్విన్ లాంటి ఉద్దండులు ఆయన పని చూసి ముగ్ధులయ్యారు. ఎక్కడా ఏదీ దాచలేదు. తరంగాన్ని ఎలా పుట్టిస్తున్నారో, ఎలా పట్టుకుంటున్నారో అందరి ముందూ విప్పి చూపించారు.

ఒకే ఊళ్లో ఇద్దరు

సరిగ్గా అప్పుడే లండన్‌లో ఇంకో మనిషి ఉన్నారు. గులియెల్మో మార్కోనీ. బోస్ కంటే పదిహేనేళ్లకు పైగా చిన్న. ఇటలీలో బొలోన్యా దగ్గర సొంత ఎస్టేట్‌లో ప్రయోగాలు చేసి, 1896లో తల్లితో కలిసి లండన్ వచ్చారు. తల్లిది ఐర్లండ్‌లో పేరున్న విస్కీ వ్యాపారుల కుటుంబం, పలుకుబడికి లోటు లేదు. 1896 జూన్ 2న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. బ్రిటిష్ తపాలా శాఖ చీఫ్ ఇంజనీర్ విలియం ప్రీస్ ఆయనకు అండగా నిలిచారు. 1897 జులైలో కంపెనీ పెట్టారు. ఆ ఏడాదే మెక్‌క్లూర్స్ అనే అమెరికన్ పత్రిక తీగలేని టెలిగ్రాఫ్ గురించిన ఒకే వ్యాసంలో బోస్‌నూ మార్కోనీనీ పరిచయం చేసింది.

వీళ్లిద్దరిదీ ఒకే పరుగుపందెం అనుకోవడంలోనే పొరపాటు ఉంది. మార్కోనీకి దూరం కావాలి. మైలు, పది మైళ్లు, సముద్రం. దూరం కోసం ఆయన తరంగ నిడివిని పెంచుకుంటూ పోయారు. బోస్‌కు తరంగం స్వభావం కావాలి. అందుకని తగ్గించుకుంటూ పోయారు. మిల్లీమీటరు తరంగాలు సూటిగా పోతాయి, దూరం పెరిగేకొద్దీ, వానా గోడలూ అడ్డొచ్చేకొద్దీ బలహీనపడతాయి. 1900 నాటి ఓడకు అవి పనికిరావు. వాటికి మోసుకెళ్లగలిగే సమాచారం ఎంతో ఎక్కువని, కింది పౌనఃపున్యాలన్నీ కిక్కిరిసిపోయాక అందరూ వాటికోసమే ఎగబడతారని అప్పుడు ఎవరికీ తెలియదు. కాబట్టి వాణిజ్య రేడియోను కట్టింది మార్కోనీయే. ఆ మాట ఒప్పుకున్నంత మాత్రాన బోస్ చిన్నబోరు.

మార్కోనీ కంపెనీ వ్యాపార పద్ధతి చూస్తే మాత్రం ఈనాటి ఫోన్ కంపెనీల వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. ఆ కంపెనీ ఓడలకు పరికరాలు అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. నడిపే ఆపరేటర్ కూడా కంపెనీ మనిషే. ఇంకో కంపెనీ పరికరం ఉన్న ఓడ పలకరిస్తే తీరంలోని మార్కోనీ కేంద్రాలు బదులివ్వకూడదన్నది నియమం. 1901లో ఓడల బీమాలో పెద్ద పేరైన లాయిడ్స్‌తో ఒప్పందం కుదిరాక ఆ గోడ ఇంకా ఎత్తయింది. 1902లో జర్మన్ చక్రవర్తి తమ్ముడు ప్రిన్స్ హైన్రిక్ అమెరికా పర్యటన ముగించుకుని డాయిష్‌లాండ్ ఓడలో తిరిగి వెళ్తూ, అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్‌కు కృతజ్ఞతల సందేశం పంపబోయారు. ఆ ఓడలో ఉన్నది జర్మన్ పరికరం. మార్కోనీ కేంద్రాలు అందుకోలేదు. జర్మనీ మండిపడింది. 1903లో బెర్లిన్‌లో దేశాల సమావేశం జరిగింది, 1906లో ఒప్పందం కుదిరింది. పరికరం ఎవరిదైనా సరే, తీరకేంద్రం ఓడతో మాట్లాడి తీరాలని అందులో రాసుకున్నారు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు పంపిన సందేశం వెలవెలబోయి చేరడం, ఆపిల్ ఏళ్ల తరబడి కదలకపోవడం, చివరికి 2024లో ఐఓఎస్ 18తో ఆర్‌సీఎస్ పద్ధతిని ఒప్పుకోవడం, ఈ తంతు అంతా నూట ఇరవై ఏళ్ల కిందటి నాటకానికి కొత్త వేషమే. ఆండ్రాయిడ్‌దీ తక్కువ కథేం కాదు. దాని మూల కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ఫోన్‌లో ప్లేస్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల మూటంతా ఎక్కించాల్సిందేనన్న షరతు మీదే 2022 అక్టోబరులో భారత కాంపిటీషన్ కమిషన్ రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఉచితంగా ఇచ్చిన వస్తువు చుట్టూ కంచె కట్టుకోవచ్చని గూగుల్ కనిపెట్టలేదు. మార్కోనీ కాలానికే ఆ విద్య తెలుసు. దాని దెబ్బ బోస్‌కూ తగిలింది.

పాదరసం బొట్టు

అప్పటి రేడియో గ్రాహకాల్లో కోహెరర్ అనే గాజుగొట్టం ఉండేది, అందులో లోహపు రజను. తరంగం తగలగానే రజను అంటుకుపోయి విద్యుత్తును పోనిస్తుంది. మళ్లీ పనిచేయాలంటే గొట్టాన్ని తట్టి రజను విడగొట్టాలి. ప్రతి సంకేతానికీ ఈ తట్టుడు తప్పదు. బెంగాల్ ఉక్కపోతలో అది ఇంకా మొండికేసేది. బోస్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి, తట్టకుండానే తనంతట తాను మామూలు స్థితికి వచ్చే గ్రాహకాన్ని తయారు చేశారు. ఇనుముకూ ఇనుముకూ మధ్య పాదరసం, వినడానికి టెలిఫోన్. 1899 ఏప్రిల్‌లో ఆ వివరమంతా లండన్ రాయల్ సొసైటీకి సమర్పించారు. పేటెంట్ తీసుకోలేదు.

1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద, అట్లాంటిక్ అవతల ఇంగ్లండ్‌లోని పోల్డూ నుంచి వచ్చిన మూడు చుక్కల సంకేతాన్ని మార్కోనీ టెలిఫోన్ చెవికి పెట్టుకుని విన్నారు. ఆయన చేతిలో ఉన్నది పాదరసపు కోహెరర్. ఇటలీ నౌకాదళ అధికారి లుయీజీ సొలారి ఇచ్చింది. దానికి ఇటాలియన్ నేవీ కోహెరర్ అని పేరు పెట్టారు. అసలు సృష్టికర్త ఎవరన్న దానిపై ఇటలీలోనే రచ్చ జరిగింది. ఇద్దరు ముగ్గురు ఇటాలియన్ల పేర్లు వినిపించాయి. బోస్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన 1899 పత్రాన్ని తవ్వితీసి, ఆ పరికరం మూలం కోల్‌కతాలోనే ఉందని ప్రొబీర్ బంద్యోపాధ్యాయ్ అనే ఇంజనీర్ అమెరికాలోని ఐఈఈఈ పత్రికలో వాదించింది 1998లో. తొంభై ఏడేళ్ల తర్వాత.

1909లో మార్కోనీకీ జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇక సొమ్ము కాళ్ల దగ్గరికి వచ్చిన సంగతి. 1901 మేలో బోస్ మళ్లీ లండన్‌లో ఉన్నారు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసానికి కాస్త ముందు, పేరున్న ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని, కోటీశ్వరుడు, పేటెంట్ కాగితాన్ని చేత్తో పట్టుకుని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఉపన్యాసంలో అన్నీ బయటపెట్టవద్దని, పేటెంటుకు ఖర్చు తాను పెట్టుకుంటానని, లాభంలో సగం ఇస్తానని బతిమాలాడు. బోస్ ఒప్పుకోలేదు. మే 17న మిత్రుడు రవీంద్రనాథ్ టాగోర్‌కు ఇదంతా ఉత్తరంలో రాశారు. అంత సంపన్నుడు ఇంకాస్త లాభం కోసం తన ముందు చేయి చాచినట్టు నిలబడటం చూసి ఆయన బెంబేలెత్తారు. ఆ దేశమంతా డబ్బు యావలో మునిగిపోయిందని, ఒకసారి ఆ చక్రంలో ఇరుక్కుంటే తాను బయటపడలేనని ఆయన భయం. ఎలాంటి సమయంలో ఇది? పరిశోధనకు నిధుల్లేక, టాగోర్ తన పలుకుబడితో త్రిపుర మహారాజు దగ్గర సాయం అడిగి తెచ్చిపెడుతున్న సమయంలో.

ఈ నిరాకరణను మనవాళ్లు ఋషిత్వానికి ఉదాహరణగా చెబుతారు. బోస్ దగ్గరివాళ్లే అప్పట్లో అలా అనుకోలేదు. నివేదిత ఆ రోజుల్లో ఆయన రచనలకు మెరుగులు దిద్దుతూ వెన్నంటి ఉన్నారు. ఆమె, వివేకానంద శిష్యురాలైన అమెరికన్ సారా బుల్ ఇద్దరూ పట్టుబట్టారు. ఆయన పేరు చరిత్రలో లేకుండా పోతుందన్నది వాళ్ల ఆందోళన. వాళ్ల ఒత్తిడికే 1901 సెప్టెంబరు 30న అమెరికాలో దరఖాస్తు పడింది, 1904 మార్చి 29న 755,840 నంబరు పేటెంట్ వచ్చింది. అందులో సగం హక్కు సారా బుల్ పేరిట ఉంది. గెలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికంతో తరంగాల్ని పసిగట్టే పరికరం అది. వెలుగు పడినా స్పందిస్తుంది కాబట్టి బోస్‌కు అది ఒక కృత్రిమ నేత్రం. అర్ధవాహక పదార్థంతో చేసిన పరికరానికి వచ్చిన తొట్టతొలి పేటెంట్లలో ఇదొకటి. ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఒకరైన వాల్టర్ బ్రాటెన్, రేడియో తరంగాల్ని స్ఫటికంతో పట్టిన తొలి ఘనత బోస్‌దేనని అర్ధవాహకాల చరిత్ర రాస్తూ ఒప్పుకున్నారు. అంటే ఈనాడు ఫోన్‌లోని ప్రతి చిప్‌కూ దూరపు చుట్టం అది.

బోస్ ఆ పేటెంట్‌ను అమ్మలేదు, దాని పేరుతో ఎవరి మీదా కేసు వేయలేదు. కాలం తీరి అది పోయింది. ఈలోగా స్ఫటికపు గ్రాహకాల మీద ఇతరులు పేటెంట్లు తీసుకున్నారు, క్రిస్టల్ రేడియోలు ఇంటింటికీ వెళ్లాయి.

ఆయన తప్పు చేశారా? మార్కోనీ పేటెంట్ల మీద వ్యాజ్యాలు దశాబ్దాలు సాగాయి. అమెరికా సుప్రీంకోర్టు ఒక కీలక పేటెంట్‌లోని అంశాల్ని కొట్టేసింది 1943లో, ఆయన పోయాక ఆరేళ్లకు. స్మార్ట్‌ఫోన్ల కాలంలో ఆపిల్, శాంసంగ్ 2011 నుంచి 2018 దాకా కోర్టుల్లో కొట్టుకున్నాయి. ఒక జ్యూరీ వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం వేసింది. బానిస దేశపు కాలేజీ అధ్యాపకుడు, జేబులో డబ్బుల్లేనివాడు, ఆ రణరంగంలో నెగ్గేవాడన్న నమ్మకం లేదు. ఆ లెక్కన ఆయన వెనక్కి తగ్గడం తెలివైన పనే. కానీ హక్కు వదులుకున్నవాడి వస్తువు అందరిదీ కాలేదు. ముందుగా కంచె వేసినవాళ్లదైంది. నివేదిత భయం నిజమైంది కదా.

తరంగాన్ని వదిలి మొక్క వైపు

బోస్ రేడియోను వదిలిపెట్టడానికి మార్కోనీ కారణం కాదు. తన గ్రాహకాలను పరీక్షిస్తున్నప్పుడు ఆయనకు ఒక వింత కనిపించింది. ఎక్కువసేపు వాడితే లోహం అలిసిపోతున్నట్టు స్పందన తగ్గుతోంది. విశ్రాంతినిస్తే తిరిగి పుంజుకుంటోంది. కండరం గీసే గీతలకూ లోహం గీసే గీతలకూ పోలిక ఉంది. అక్కడి నుంచి జీవం, నిర్జీవం మధ్య గీత ఎక్కడుందన్న ప్రశ్నలోకి జారిపోయారు. 1901లో ఈ విషయం రాయల్ సొసైటీలో చెబితే శరీరధర్మ శాస్త్రవేత్తలు భగ్గుమన్నారు. భౌతికశాస్త్రం వాడు తన హద్దులో ఉండాలన్నారు. ఆయన పత్రాన్ని అచ్చువేయకుండా అటకెక్కించారు. జీతం విషయంలో చూపిన మొండితనమే మళ్లీ చూపారు. 1902లో ఏకంగా పుస్తకమే వేశారు, ఆపై మూడు దశాబ్దాలు మొక్కలతోనే గడిపారు. మొక్క పెరుగుదలను వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ చేశారు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలున్నాయన్న ఆయన మాట నిలబడింది. నీరు పైకెక్కే తీరు గురించి ఆయన చెప్పిన సిద్ధాంతం నిలబడలేదు. మొక్కకు ప్రాణం ఉందని ఆయన కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అది రైతుకు ఎప్పుడూ తెలుసు. ఆయన చూపింది మొక్క ఎలా స్పందిస్తుందో.

1915లో ఉద్యోగ విరమణ చేశారు. 1917లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది తన పుట్టినరోజున కోల్‌కతాలో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించారు. ఇక్కడ కనిపెట్టినవి అందరి సొత్తు, పేటెంట్లు తీసుకోబోమని ఆ రోజే ప్రకటించారు. అంటే 1901 నాటి నిర్ణయం ఏదో ఆవేశంలో తీసుకున్నది కాదు. పదహారేళ్లు ఆలోచించాక, నష్టమేమిటో కళ్లారా చూశాక, దాన్నే సంస్థ నియమంగా రాశారు. 1920లో రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది, పత్రాన్ని అటకెక్కించిన సొసైటీయే.

1937 జులై 20న రోమ్‌లో మార్కోనీ మరణించారు. ఆయన గౌరవార్థం వైర్‌లెస్ కేంద్రాలు రెండు నిమిషాలు మూగబోయాయి. నాలుగు నెలల తర్వాత, నవంబరు 23న, 79వ పుట్టినరోజుకు వారం ముందు గిరిడీలో బోస్ కన్నుమూశారు.

మిల్లీమీటరు తరంగాలు చాలా కాలం రాడార్లకూ టెలిస్కోపులకూ పరిమితమయ్యాయి. బోస్ చేసిన జంట పట్టకాల ఏర్పాటును అమెరికాలోని అరిజోనాలో ఒక రేడియో టెలిస్కోప్ గ్రాహకంలో 1990లలో మళ్లీ వాడారు. 2012లో ఐఈఈఈ ఆయన ప్రయోగాలను సాంకేతిక చరిత్రలో మైలురాయిగా గుర్తించింది. 2022లో 5జీ కోసం భారత ప్రభుత్వం 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను వేలానికి పెట్టింది. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, అదానీ సంస్థలు కొన్నాయి. దాని తరంగ నిడివి సుమారు 11.5 మిల్లీమీటర్లు. బోస్ 1890ల్లో కొలిచిన హద్దుల లోపలే ఉంది. అమెరికాలో 2020 నుంచి ఐఫోన్లు మిల్లీమీటరు తరంగాలను అందుకునే యాంటెన్నాలతో వస్తున్నాయి. ఇక్కడ అమ్మే ఐఫోన్లలో అవి పెట్టలేదు.

బోస్ పరికరాలు కోల్‌కతాలో ఆయన సంస్థలో భద్రంగా ఉన్నాయి. గరాటు, గొట్టాలు, స్ప్రింగుల కోహెరర్, పేజీల మధ్య తగరపు రేకులతో ఆ రైల్వే టైమ్‌టేబుల్ కూడా.